ప్రత్యర్థి అంతరిక్ష కట్టడాలు: కాగితం మీద ఒక కొలత, కక్ష్యలో మరో కొలత

రాకెట్ ముక్కు కవచంలో ఇమడనంత పెద్ద వస్తువును అంతరిక్షంలో నిలబెట్టే విద్యను ఇంజనీర్లు భారీ అంతరిక్ష నిర్మాణం అంటారు. ఇప్పుడు వాడుకలో ఉన్న పెద్ద రాకెట్లలో చాలావాటి కవచం వెడల్పు నాలుగైదు మీటర్లే. అంతకు మించిన యాంటెన్నా, అద్దం, సౌరఫలకం ఏది కావాలన్నా దారులు కొన్నే ఉన్నాయి. మడిచి పంపి పైన విప్పాలి, ముక్కలుగా పంపి పైన బిగించాలి, పలుచని పొరను గిర్రున తిప్పుతూ ఆ వేగంతోనే పరచాలి, లేదా గాలి నింపి ఉబ్బించాలి. ఏ దేశం ఏ దారిలో ఎంత దూరం వెళ్లిందో పోటీ దేశాలు అరవై ఏళ్లకు పైగా ఒకదాన్నొకటి గమనించుకుంటూనే ఉన్నాయి. ఆ అంచనాలు ఎక్కువసార్లు దారి తప్పింది కాగితాల దగ్గరే. ప్రత్యర్థి ఏమి రాశాడు, ఏమి ప్రకటించాడు అన్నవాటికి పడిన విలువ, కక్ష్యలో చేతులతో ఏమి చేసి చూపాడు అన్నదానికి పడలేదు.

బరువు తెలియని చోట కట్టడం తేలిక అనిపిస్తుంది కానీ చిక్కంతా అక్కడే ఉంది. నేలమీది వంతెన తన బరువును తానే మోయాలి కాబట్టి దాన్ని దిట్టంగా కడతారు. కక్ష్యలో ఆ అవసరం ఉండదు, పైకి పంపే ప్రతి కిలోకూ ఖర్చు ఉంటుంది. అందువల్ల అక్కడి నిర్మాణం సన్నగా, వంగే గుణంతో తయారవుతుంది. ఒకసారి కదిలితే ఆ ఊపును అణచడానికి గాలి కూడా ఉండదు. దిగువ కక్ష్యలో తిరిగే వస్తువు సుమారు తొంభై నిమిషాలకోసారి ఎండలోంచి భూమి నీడలోకి, మళ్లీ ఎండలోకి వస్తుంది. వేడికి సాగడం, చలికి ముడుచుకోవడం రోజుకు పదిహేను పదహారు సార్లు జరుగుతుంది.

అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 ఈ పాఠాన్ని మొదటి రోజే నేర్పింది. 1958 జనవరి 31న కక్ష్యకు చేరిన ఆ సన్నని గొట్టం తన నిలువు ఇరుసు చుట్టూ తిరుగుతూ ఉండాలి. దానికి తగిలించిన తీగ యాంటెన్నాలు వంగుతూ లేస్తూ శక్తిని హరించడంతో గంటల వ్యవధిలోనే అది అడ్డంగా పల్టీలు కొట్టడం మొదలుపెట్టింది. గట్టి వస్తువు అనుకుని వేసిన లెక్క వంగే వస్తువుకు సరిపోలేదు. 1990లో హబుల్ టెలిస్కోప్‌కు అమర్చిన యూరప్ తయారీ సౌరఫలకాలదీ అదే జబ్బు. వెలుగు నీడల సరిహద్దు దాటిన ప్రతిసారీ అవి వణికేవి, ఆ వణుకు టెలిస్కోప్ చూపునే కదిలించేది. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి వాటిని మార్చారు. ఇలాంటి సున్నితమైన నిర్మాణం నేలమీద తన బరువుకే వాలిపోతుంది కనుక కింద దాన్ని పూర్తిగా పరీక్షించడం సాధ్యం కాదు. కక్ష్యలో విప్పి చూడటమే అసలు పరీక్ష.

ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో అమెరికా కళ్లు సోవియట్ కాగితాల మీద ఉండేవి. రష్యన్ పత్రికలను, పుస్తకాలను ఇంగ్లీషులోకి దించడానికి 1957లో జాయింట్ పబ్లికేషన్స్ రీసెర్చ్ సర్వీస్ ఏర్పడింది. నాసా కూడా సొంతంగా సాంకేతిక అనువాదాలు చేయించింది. 1980లలో విశ్వవిద్యాలయ ఆచార్యులతో బృందాలు వేసి, బహిరంగంగా దొరికే సోవియట్ పరిశోధనను రంగాలవారీగా అంచనా కట్టించారు. వ్యోమనౌకల ఇంజనీరింగ్ కూడా ఆ రంగాల్లో ఒకటి. రహస్యపత్రాల కన్నా గ్రంథాలయాల్లో దొరికిన పుస్తకాలే ఈ పనికి ముడిసరుకు కావడం గమనించదగ్గది.

ఆ పుస్తకాల్లో సోవియట్ గణితం నిజంగానే గొప్పగా కనిపించేది. ద్రవం నిండిన తొట్టెలతో కదిలే వస్తువుల స్థిరత్వంపై మొయిసేయెవ్, రుమ్యాంత్సెవ్ చేసిన పని, సాగే నిర్మాణాలు ఎప్పుడు అదుపు తప్పుతాయో తేల్చిన బొలోతిన్ సిద్ధాంతం, ఉపగ్రహం తన ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ ఎలా కదులుతుందో వివరించిన బెలెత్‌స్కీ గ్రంథం పశ్చిమ దేశాల్లోనూ ఆధార గ్రంథాలయ్యాయి. అయితే కంప్యూటర్లలో వాళ్లు వెనకబడ్డారు. నాసా 1960ల చివర సిద్ధం చేయించిన నాస్ట్రాన్ వంటి ప్రోగ్రాములు అమెరికాలో విమాన కంపెనీలన్నిటికీ అందుబాటులోకి వచ్చాయి. సోవియట్ యూనియన్లో ఆ స్థాయి సదుపాయం లేదు. కాగితం మాత్రమే చదివినవారు రెండు విధాలుగా పొరబడే వీలుండేది. సమీకరణాలు చూసి భయపడటం ఒకటి, కంప్యూటర్లు చూసి తేలిగ్గా తీసుకోవడం మరొకటి. నిజానికి కంప్యూటర్ లోటును సోవియట్ ఇంజనీర్లు ఎక్కువభాగం కక్ష్యలోనే పూడ్చుకున్నారు. లెక్క తేలని చోట పైకి పంపి చూశారు.

ఆ వరుస 1969 అక్టోబరు 16న సోయుజ్-6లో మొదలైంది. కీవ్‌లోని పాతోన్ వెల్డింగ్ సంస్థ తయారుచేసిన వుల్కాన్ పరికరంతో వ్యోమగామి కుబాసోవ్ అంతరిక్షంలో తొలిసారి లోహాన్ని అతికించాడు. పదేళ్లకు, 1979 వేసవిలో సల్యూత్-6 అంతరిక్ష కేంద్రం వెనకభాగాన కేఆర్‌టీ-10 అనే పది మీటర్ల రేడియో టెలిస్కోప్ తెరుచుకుంది. పని ముగిశాక వదిలించుకోబోతే దాని వల కేంద్రానికి చిక్కుకుని ఊడిరాలేదు. అది అక్కడే వేలాడితే సరుకు నౌకలు వచ్చి చేరే ద్వారం మూతపడినట్టే. అప్పటికి దాదాపు ఆరు నెలలుగా పైనే ఉన్న ల్యాఖోవ్, ర్యూమిన్ ఆగస్టు 15న బయటికి వెళ్లారు. ర్యూమిన్ తీగలు కత్తిరించి యాంటెన్నాను తన్ని పంపాడు. ఏ నివేదికకైనా ఇదొక వైఫల్యమే. అంచనా కట్టేవాడికి మాత్రం ఇందులో మరో సంగతి కనిపించాలి. పెద్ద వల నిర్మాణం చిక్కుపడితే మనిషిని బయటికి పంపి విడిపించగలమని ఆ దేశం ఆ రోజు తెలుసుకుంది.

1984 జులై 25న సవీత్‌స్కాయా, జానిబేకోవ్ సల్యూత్-7 బయట ఎలక్ట్రాన్ పుంజంతో లోహాన్ని కోశారు, అతికించారు, పూత పూశారు. అంతకు మూడు నెలల ముందు, ఏప్రిల్‌లో అదే కేంద్రంలో రాకేశ్ శర్మ వారం గడిపి వచ్చాడు. ఆయనకు అక్కడ ఆతిథ్యమిచ్చిన స్థిర సిబ్బందిలోని కిజిమ్, సొలొవ్యోవ్ రెండేళ్లకు మళ్లీ ఆ కేంద్రానికి వెళ్లి, 1986 మే 28, 31 తేదీల్లో పది మీటర్లకు మించిన, కడ్డీలతో అల్లిన ట్రస్‌ను విప్పి, దాని ఊపును కొలిచారు. ఈ రంగంలో రెండు దేశాలు పక్కపక్కనే పరిగెత్తిన కాలమది. ఆరు నెలల ముందే, 1985 నవంబరు చివర అట్లాంటిస్ షటిల్ బయట జెర్రీ రాస్, షెర్‌వుడ్ స్ప్రింగ్ 93 కడ్డీలను 33 కూడళ్లకు బిగించి, 13.7 మీటర్ల ట్రస్‌ను అరగంట లోపే నిలబెట్టారు. అమెరికన్లు కడ్డీ కడ్డీగా కట్టి చూపారు. సోవియట్ వాళ్లు మడత విప్పి చూపారు. వేగంలో పైచేయి అమెరికాదే.

ఆ విజయం అమెరికాకే పెద్దగా అక్కరకు రాలేదన్నది తరవాతి కథ. 1984లో రీగన్ ప్రకటించిన ఫ్రీడమ్ కేంద్రం ఇలాంటి కడ్డీల పొడవాటి ట్రస్ చుట్టూ గీసిన బొమ్మ. 1990లో నాసా వేయించిన ఫిషర్-ప్రైస్ అధ్యయనం, ఆ కేంద్రాన్ని నడపాలంటే ఏటా వేల గంటల స్పేస్ వాక్ చేయాల్సి వస్తుందని తేల్చింది. మరుసటి ఏడాది బొమ్మ మార్చారు. ట్రస్‌ను ముందే కింద కట్టి, తీగలు గొట్టాలతో సహా ముక్కలుగా పంపాలని నిర్ణయించారు. సోవియట్ ఇంజనీర్లు అప్పటికే తమ కేంద్రమైన మీర్‌లో కింద తయారైన గదులను పైన ఒకదానికొకటి డాకింగ్ చేస్తూ ఇంచుమించు ఇదే దారిలో ఉన్నారు.

మీర్ మీద కొత్త ప్రయోగాలు ఆగలేదు. 1991 జులైలో అర్త్‌సెబార్‌స్కీ, క్రికల్యోవ్ కలిసి 14 మీటర్ల సొఫొరా స్తంభాన్ని కట్టారు. వేడి చేస్తే పాత ఆకారానికి బిగుసుకునే టైటానియం-నికెల్ మిశ్రలోహపు గొట్టాలే దాని కీళ్లు, బోల్టులతో పనిలేదు. చివర ఎర్రజెండా కట్టి వచ్చారు. ఆ ఏడాది ముగిసేలోపు ఆ జెండా తాలూకు దేశం లేదు. క్రికల్యోవ్ 1992 మార్చిలో రష్యా పౌరుడిగా నేలకు దిగాడు. స్తంభం మాత్రం మిగిలింది, తరవాత దాని కొసన కేంద్రాన్ని తిప్పే థ్రస్టర్ల పెట్టె అమర్చారు. 1993 ఫిబ్రవరి 4న వ్లదీమిర్ సిరొమ్యాత్నికోవ్ బృందం జ్నామ్యా-2 అనే 20 మీటర్ల పలుచని అద్దాన్ని, చట్రమన్నదే లేకుండా తిప్పుడు బలంతో పరిచి, యూరప్ మీదుగా కాంతి మచ్చను నడిపించింది. ఆరేళ్లకు మరింత పెద్దదాన్ని పరచబోతే నౌక యాంటెన్నాకు తగిలి చిరిగిపోయింది. డబ్బు లేని కాలం కావడంతో ఆ దారి అంతటితో మూసుకుంది.

సిరొమ్యాత్నికోవ్ పేరు నిలిచింది ఆ అద్దం వల్ల కాదు, డాకింగ్ కడియం వల్ల. 1975 జులైలో అపోలో, సోయుజ్ కలిసినప్పుడు ఎవరు దూరాలి, ఎవరు దూర్పించుకోవాలి అన్న పేచీ లేకుండా రెండువైపులా ఒకే రూపంలో ఉండే కడియాన్ని ఆయన రూపొందించాడు. దాని సంతతే తరవాత షటిల్‌ను మీర్‌తోనూ, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంతోనూ కలిపింది. చైనా షెన్‌జౌ నౌకల కడియం కూడా ఆ కుదురులోదే. పోటీదారు పరిశోధనలో చిరకాలం బతికింది అందరూ భయపడిన భాగం కాదు, ఎవరికైనా సరిపోయే భాగం.

ఈ చరిత్రకు టెక్సస్ వైపు నుంచి ఒక కొస ఉంది. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన ఇర్వింగ్‌కు ఆనుకునే గ్రాండ్ ప్రెయిరీ పట్టణం ఉంది. వాట్ కంపెనీ, దాని వారసురాలైన లాక్‌హీడ్ మార్టిన్ విభాగం అక్కడివే. షటిల్ రెక్కల అంచులకు కార్బన్ కవచాలు వాట్ చేతిలోనే తయారయ్యాయి. అంతర్జాతీయ కేంద్రపు ఉష్ణ రేడియేటర్లూ ఈ శాఖవే. కేంద్రంలో పుట్టిన వేడిని అమ్మోనియా మోసుకొచ్చి వీటికి అందిస్తుంది, ఇవి శూన్యంలోకి వదిలేస్తాయి. ఒక్కో రేడియేటర్‌లో ఎనిమిది పలకలు, మడిచి పంపితే కత్తెర కీళ్ల మీద 23 మీటర్ల దాకా సాగుతాయి. కేంద్రం ఫొటోల్లో సౌరఫలకాలనే అందరూ చూస్తారు. ఈ తెల్లని పలకలు లేకపోతే ఆ కరెంటు వాడుకోవడమే కుదరదు. అదే కేంద్రానికి రష్యా వైపు ప్రధాన గది జ్వెజ్దా, మీర్-2 కోసం మొదలైన కట్టడం. 2000 జులైలో పైకి వెళ్లింది. ఒకప్పుడు ఒకరి పత్రాలు ఒకరు అనువదించుకుని చదివిన రెండు పరిశోధనలు ఇప్పుడు ఒకే కట్టడంలో ఉన్నాయి. 2022 మార్చి 15న ఆ ట్రస్ మీదికి వెళ్లి కొత్త సౌరఫలకాలకు ఆధారాలు బిగించిన ఇద్దరిలో ఒకరు రాజా చారి. ఆయన తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లినవారు.

వాట్ చరిత్రలోనే భారతదేశం అనుమానితుడిగా కనిపించే పేజీ కూడా ఉంది. ఆ కంపెనీ తయారుచేసిన స్కౌట్ నాలుగంచెల ఘన ఇంధన రాకెట్, 1960 నుంచి 1994 దాకా ఎగిరింది. 1980 జులై 18న శ్రీహరికోట నుంచి రోహిణిని కక్ష్యలో పెట్టిన ఎస్‌ఎల్‌వీ-3 కూడా నాలుగంచెల ఘన ఇంధన రాకెట్టే. పోలిక చూసి, నాసా దగ్గర నేర్చిందే క్షిపణి అయిందని అమెరికాలో అణ్వస్త్ర వ్యాప్తి విమర్శకులు వాదించారు. అది కూడా పోటీదారును పైరూపం చూసి చదవడమే. 1992లో రష్యా క్రయోజెనిక్ ఇంజన్ల ఒప్పందంపై ఇస్రోకు ఆంక్షలు తగిలాయి, 1998 అణుపరీక్షల తరవాత మరిన్ని వచ్చాయి. ఇస్రో సంస్థలు నిషేధ జాబితా నుంచి బయటపడింది 2011 జనవరిలో. క్రయోజెనిక్ ఇంజన్ ఆలస్యమైంది గాని ఆగలేదు.

ఆంక్షలు ఆంక్షలు పెట్టినవారికీ తగులుతాయని అమెరికా ఉపగ్రహ పరిశ్రమ అనుభవం చెబుతుంది. 1996 ఫిబ్రవరిలో అమెరికా తయారీ ఇంటెల్‌శాట్ ఉపగ్రహంతో చైనా రాకెట్ కూలింది. ఆ ప్రమాద విచారణలో సాంకేతిక సమాచారం చైనాకు చేరిందన్న ఆరోపణల నేపథ్యంలో, 1999 నుంచి వాణిజ్య ఉపగ్రహాలన్నిటినీ ఆయుధాల జాబితాలో పెట్టారు. యూరప్ కంపెనీలు అమెరికా భాగాలు లేని ఉపగ్రహాలంటూ కొనుగోలుదారులను ఆకర్షించాయి. చైనాను మినహాయించి ఆ బిగింపును సడలించింది 2014లో. ఆయుధ ఎగుమతి నిబంధనల నీడ మాత్రం మనుషుల మీద ఇంకా ఉంది. ఆ చట్టం దృష్టిలో పౌరులు, గ్రీన్ కార్డుదారులు అమెరికా వ్యక్తులు, హెచ్-1బీ వీసా మీద ఉన్నవారు కారు. ప్రతి విదేశీయుడికీ లైసెన్సు తెచ్చుకునే తలనొప్పి ఎందుకని రక్షణ, అంతరిక్ష కంపెనీలు వారి దరఖాస్తులు పక్కన పెడతాయి. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడే తెలుగు ఇంజనీరు ఇర్వింగ్‌లో ఉండి బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాయవచ్చు, పక్క ఊళ్లో తయారయ్యే అంతరిక్ష భాగాన్ని మాత్రం ముట్టుకోలేడు. రహస్యం కాపాడటం అవసరమే. ఏది నిజంగా రహస్యమో విడదీయకుండా అన్నిటికీ ఒకే తాళం వేస్తే ఎక్కువ నష్టపోయేది తాళం వేసినవాడే.

ఇప్పుడు ఆ తాళం బిగిసింది చైనా మీద. 2011లో కాంగ్రెస్ పెట్టిన వుల్ఫ్ సవరణతో నాసాకు, చైనాకు నేరుగా సహకారం నిలిచిపోయింది. అదే ఏడాది నవంబరులో చైనా తన తొలి డాకింగ్ చేసింది. 2021 ఏప్రిల్ 29న తియాన్‌హె, మరుసటి ఏడాది జులైలో వెన్‌తియాన్, అక్టోబరులో మెంగ్‌తియాన్ వెళ్లాయి. ఒక్కోటి ఇరవై టన్నులకు పైబడ్డ మూడు గదులు ఇంగ్లీషు టీ అక్షరం రూపంలో కలిసి తియాన్‌గాంగ్ కేంద్రమయ్యాయి. వెన్‌తియాన్ వంగే సౌరఫలకాలు విప్పుకుంటే కొస నుంచి కొసకు 55 మీటర్లు దాటుతుంది. ముందు ద్వారానికి వచ్చి చేరిన గదులను పక్కకు తిప్పి బిగించడం ఇందులో సున్నితమైన పని, దాన్ని రెండుసార్లూ తడబాటు లేకుండా ముగించారు.

అయినా పాశ్చాత్య పత్రికల్లో ఎక్కువ కలకలం రేపింది ఇది కాదు. 2021లో చైనా జాతీయ సహజ విజ్ఞానశాస్త్ర ఫౌండేషన్ విడుదల చేసిన పరిశోధన పిలుపులో కిలోమీటరు పొడవైన వ్యోమనౌక మాట వచ్చింది. కేటాయింపు కోటిన్నర యువాన్లు, అయిదేళ్ల గడువు. ఆ సొమ్ముతో కిలోమీటరు పొడవైన వస్తువు కక్ష్యకు వెళ్లదు. అది కంపన నియంత్రణ, తేలికైన కూర్పు పద్ధతులపై పరిశోధకులకు ఇచ్చిన పని. షియాన్‌లోని షిడియాన్ విశ్వవిద్యాలయంలో దువాన్ బావోయెన్ బృందం అంతరిక్ష సౌరవిద్యుత్ కోసం 2022లో కట్టిన 75 మీటర్ల పరీక్షా టవర్ దానికన్నా ఒక మెట్టు పైది, అయినా అది నేలమీదిదే. తియాన్‌గాంగ్‌ను కూడా భయంతో కాక లెక్కతో చూడాలి. అంతర్జాతీయ కేంద్రం సుమారు 420 టన్నులుంటే ఇది అందులో ఆరోవంతుకు కాస్త అటూ ఇటూ. పెద్ద ట్రస్‌లో, విశాలమైన రేడియేటర్లలో అమెరికా అనుభవం ఇంకా ముందుంది. స్థిరమైన సిబ్బంది మార్పిడిలో, గదులు కూర్చే క్రమశిక్షణలో చైనా వెనక లేదు.

శ్రీహరికోట ఈ వరుసలోకి రెండు పనులతో వచ్చింది. 2024 డిసెంబరు 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60 తీసుకెళ్లిన రెండు స్పేడెక్స్ ఉపగ్రహాలు 2025 జనవరి 16న కలిశాయి, మార్చి 13న విడిపోయాయి. డాకింగ్ చేసిన నాలుగో దేశం భారత్. ఆ ఏడాది జులై 30న జీఎస్‌ఎల్‌వీ నుంచి వెళ్లిన నాసా-ఇస్రో నిసార్ ఉపగ్రహం రెండోది. తొమ్మిది మీటర్ల చేయి చివర గొడుగులా మడిచిన 12 మీటర్ల బంగారు పూత జల్లెడ యాంటెన్నా ఆగస్టు 15న తెరుచుకుంది. అంతకు ముందు ఏడాది, మడిచి ఉన్న స్థితిలో అది అనుకున్నదానికన్నా వేడెక్కవచ్చని తేలి, భారత్ చేరిన యాంటెన్నాను మళ్లీ కాలిఫోర్నియాకు పంపి ప్రత్యేక పూత పూయించారు. హబుల్ ఫలకాల విషయంలో కక్ష్యలో బయటపడిన ఎండ వేడి చిక్కు లాంటిదాన్ని ఈసారి నేలమీదే పట్టుకున్నారు. అంతకు ఇరవై ఏడేళ్ల ముందు ఆంక్షలు పెట్టిన దేశపు యాంటెన్నా, ఆంక్షలు పడిన సంస్థ క్రయోజెనిక్ అంచె మీద వెళ్లింది.

అయితే నిసార్ యాంటెన్నా అమెరికా చేతిపని. భారత్ సొంతంగా పెద్ద మడత నిర్మాణాన్ని కక్ష్యలో విప్పి, దాని ఊపును కొలిచి, చిక్కుపడితే విడిపించడం ఇంకా మిగిలి ఉంది. 2028లో తొలి గది, 2035కు పూర్తి భారతీయ అంతరిక్ష కేంద్రం అన్నది ప్రభుత్వ లక్ష్యం. స్పేడెక్స్‌లో వాడింది రెండువైపులా ఒకే రూపంలో ఉండే చిన్న కడియం. మనుషులు దాటే పెద్ద కడియం కొలతలు ఎవరితో సరిపోవాలన్నది ఇప్పుడే తేలాల్సిన విషయం. అంతర్జాతీయ డాకింగ్ ప్రమాణం 2010 నుంచి ఎవరైనా చదువుకునేలా బహిరంగంగానే ఉంది. ఆ ప్రమాణానికి కడితే అమెరికా, యూరప్, జపాన్ నౌకలకు ద్వారం తెరిచినట్టే. ఆ ఎంపికను ఆలస్యం చేస్తే, గది పైకి వెళ్లాక కడియం మార్చడానికి స్పేస్ వాక్ చేసే సిబ్బంది భారత్‌కు అప్పటికింకా తయారై ఉండరు.